బిల్లు మీద సంతకం ఎవరిది?

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2024 మే నెలకు ప్రకటించిన లెక్కల ప్రకారం ఆ దేశంలో రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు కాగా, ఆపై చదువు చదివి స్వయంగా వైద్యం చేసే లైసెన్సు పొందిన నర్స్ ప్రాక్టీషనరుది 1,29,210, కాన్పులు చేసే నర్స్ మిడ్‌వైఫ్‌ది 1,28,790, ఆపరేషన్ థియేటరులో మత్తుమందు ఇచ్చే నర్స్ అనస్థటిస్ట్‌ది 2,23,210 డాలర్లుగా ఉంది. మధ్యస్థ వేతనం అంటే ఆ వృత్తిలో ఉన్నవారందరినీ జీతాల వరుసలో నిలబెట్టినప్పుడు సరిగ్గా నడుమ నిలిచే వ్యక్తి అందుకునే మొత్తం. పైన ఉన్న కొద్దిమంది భారీ జీతాలు సగటును పెంచినట్టు దీన్ని పెంచలేవు కనుక పోలికకు ఇదే నమ్మదగిన కొలమానం. చివరి ముగ్గురూ నర్సింగులో మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చేసినవారే, జాతీయ స్థాయి పరీక్ష నెగ్గినవారే, రోగి ప్రాణానికి నేరుగా బాధ్యత వహించేవారే. అయినా వారిలో ఒకరికీ మిగతా ఇద్దరికీ మధ్య ఏడాదికి తొంభై వేల డాలర్లకు పైగా అంతరం ఉంది. చదువు పెరిగితే జీతం పెరుగుతుందన్న సాధారణ సూత్రం నర్సు నుంచి ప్రాక్టీషనరు దాకా ఉన్న మెట్టును కొంతవరకు వివరిస్తుంది గానీ ఈ అంతరాన్ని వివరించలేదు. దాని కారణం తెలియాలంటే విశ్వవిద్యాలయాన్ని వదిలి ఆస్పత్రిలో బిల్లులు తయారయ్యే గదిలోకి వెళ్ళాలి.

ఇలా పై చదువు చదివిన నర్సులందరినీ కలిపి అక్కడ అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సులంటారు. వృత్తి సంఘాలు, లైసెన్సింగ్ బోర్డులు 2008లో కుదుర్చుకున్న ఏకాభిప్రాయ నమూనా ప్రకారం వీరిలో నాలుగు తెగలున్నాయి. పైన చెప్పిన మూడింటికి తోడు నాలుగోది క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్. ఒక వార్డులోనో ఒక విభాగంలోనో రోగుల సంరక్షణ ప్రమాణాలను తీర్చిదిద్దడం, మంచం పుండ్లు రాకుండా, ఇన్ఫెక్షన్లు సోకకుండా పద్ధతులు నెలకొల్పడం, కింది నర్సులకు తర్ఫీదు ఇవ్వడం వీరి పని. ఈ నాలుగో తెగ వేతనం ఎంతో పై లెక్కల్లో వెతికితే దొరకదు, ఎందుకంటే వృత్తుల అధికారిక వర్గీకరణలో వీరికి ప్రత్యేకమైన వరుస లేదు, మామూలు నర్సుల వరుసలోనే కలిపేశారు. రాని పుండుకు, సోకని ఇన్ఫెక్షనుకు ఎవరూ బిల్లు వేయరు. బిల్లు పడని పనికి గణాంకాల్లోనూ చోటు లేకపోవడం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం.

నర్స్ ప్రాక్టీషనర్ అన్న భావన పుట్టింది 1965లో. కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే ప్రజారోగ్య నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి, డాక్టర్లు అందని చోట పిల్లల ఆరోగ్యాన్ని నర్సులే స్వతంత్రంగా చూసుకునేందుకు తగిన శిక్షణను రూపొందించారు. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం వృద్ధుల కోసం మెడికేర్‌ను, పేదల కోసం మెడికెయిడ్‌ను చట్టబద్ధం చేసింది. నర్స్ ప్రాక్టీషనరూ మెడికేరూ జంటగా పుట్టినా ఒకదాని గడప ఇంకొకటి తొక్కడానికి మూడు దశాబ్దాలు పట్టింది. నర్స్ ప్రాక్టీషనరుకు మెడికేర్ నేరుగా ఫీజు చెల్లించడం చాలాకాలం కొన్ని గ్రామీణ ప్రాంతాలకూ, వృద్ధుల సంరక్షణ గృహాలకూ మాత్రమే పరిమితమై ఉండేది. 1997 నాటి బడ్జెట్ చట్టం ఆ హద్దులను తొలగించి, 1998 నుంచి ఎక్కడ పనిచేసినా వారి పేరు మీదనే బిల్లు వేసుకోవచ్చని అనుమతించింది. అయితే డాక్టరుకు ఇచ్చే ఫీజులో 85 శాతమే ఇస్తామన్నది.

ఈ 85 శాతం ఎలా పనిచేస్తుందో ఒక చిన్న లెక్కలో చూడవచ్చు. ఒక కన్సల్టేషనుకు మెడికేర్ పట్టికలో డాక్టరు ఫీజు 100 డాలర్లనుకుంటే, అదే గదిలో అదే రోగికి అదే పరీక్ష చేసిన నర్స్ ప్రాక్టీషనర్ ఫీజు 85 డాలర్లు; అందులో ఐదింట నాలుగు వంతులు, అంటే 68 డాలర్లు, మెడికేర్ చెల్లిస్తుంది, మిగిలిన 17 డాలర్లు రోగి భరిస్తాడు. గది అద్దె, కరెంటు, రిసెప్షన్‌లో కూర్చున్న గుమాస్తా జీతం 15 శాతం తగ్గవు కదా. ఇక్కడే ఒక పక్కదారి ఉంది. మొదటిసారి రోగిని చూసి చికిత్స మొదలుపెట్టినది డాక్టరే అయి, తర్వాతిసార్లు నర్సు చూస్తున్నప్పుడు ఆ డాక్టరు పర్యవేక్షణలో అందుబాటులో ఉన్నట్టయితే, ఆ సేవను డాక్టరు సేవకు అనుబంధంగా పరిగణించి డాక్టరు పేరు మీద పూర్తి 100 డాలర్లకు బిల్లు వేయవచ్చు. క్లినిక్ యజమానికి 15 డాలర్లు ఊరికే వచ్చినట్టు కనిపించే ఈ సౌలభ్యం వల్ల నర్సు చేసిన పని రికార్డుల్లో డాక్టరు చేసిన పనిగా నమోదవుతుంది. ఏడాది చివర జీతం గురించి మాట్లాడుకునే వేళకు, తన పేరు మీద ఎంత వసూలైందో చూపించే కాగితం ఆమె దగ్గర ఉండదు. మెడికేర్ వ్యవహారాలపై అమెరికా కాంగ్రెసుకు సలహాలిచ్చే సంఘం 2019 జూన్ నివేదికలో ఈ పద్ధతిని నర్సుల విషయంలో రద్దు చేసి ఎవరి పనికి వారి పేరు మీదనే బిల్లు వేయాలని సిఫారసు చేసినా, కాంగ్రెస్ దాన్ని చట్టంగా మార్చలేదు.

వైద్యుల సంఘాల వాదనను తేలిగ్గా కొట్టిపారేయడానికి వీల్లేదు. ఒక డాక్టరు కళాశాల చదువు తర్వాత నాలుగేళ్లు వైద్యవిద్య, ఆపైన కనీసం మూడేళ్లు రెసిడెన్సీ చేస్తాడు. నర్స్ ప్రాక్టీషనర్ రెండు మూడేళ్ల పోస్టుగ్రాడ్యుయేషన్‌లో రోగుల మధ్య గడిపే గంటలు దానిలో చాలా చిన్న భాగం. కాబట్టి ఫీజులో తేడా ఉండాలన్నది వారి మాట. కానీ ఫీజు పట్టిక అన్నది మనిషి చదువును బట్టి కాక చేసిన సేవను బట్టి ధర కట్టేందుకు ఏర్పడినది. నిన్న రెసిడెన్సీ ముగించిన కుర్ర డాక్టరుకూ, ముప్పయ్యేళ్ల అనుభవమున్న పెద్ద డాక్టరుకూ ఆ పట్టికలో ఒకే ధర. చదువును బట్టి కోత వేయాలన్న నియమం నర్సు దగ్గరే మొదలవుతున్నదంటే అది కొలత కంటే ఎక్కువగా హోదాను సూచిస్తుందనే చెప్పాలి.

మత్తుమందు ఇచ్చే నర్సుల కథ దీనికి పూర్తిగా భిన్నం. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే అమెరికా ఆస్పత్రుల్లో ఈథర్, క్లోరోఫాం ఇచ్చింది ఎక్కువగా నర్సులే. అది వైద్యవృత్తిని అక్రమంగా చేయడమే అవుతుందంటూ డాక్టర్లు వేసిన దావాలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1936లో నర్సు పక్షానే తీర్పు చెప్పింది. మెడికేర్ నుంచి నేరుగా ఫీజు పొందే హక్కు నర్సుల్లో అందరికంటే ముందు 1986 నాటి చట్టం ద్వారా దక్కిందీ వీరికే. ఆ ఫీజును లెక్కగట్టే పద్ధతి కూడా వేరు: ప్రతి ఆపరేషనుకూ దాని కష్టాన్ని బట్టి కొన్ని మూల యూనిట్లు ఉంటాయి, వాటికి మత్తు ఇచ్చిన ప్రతి 15 నిమిషాలకూ ఒక యూనిట్ చొప్పున కలిపి, మొత్తాన్ని ఒక డాలర్ విలువతో గుణిస్తారు. మూల యూనిట్లు 5 ఉన్న ఆపరేషను రెండు గంటలు సాగితే 8 కాల యూనిట్లు కలిసి 13 అవుతాయి. యూనిట్‌కు సుమారు 20 డాలర్లు వేసుకుంటే 260 డాలర్లు. మత్తు వైద్యుడి నిర్దేశం లేకుండా నర్సు తానే చేసిన పనికి 15 శాతం కోత లేదు, 260 మొత్తమూ వస్తుంది. నిర్దేశం చేసే వైద్యుడు ఉంటే ఇద్దరికీ చెరి సగం, 130 చొప్పున పంచుతారు. ఆ వైద్యుడు ఒకే సమయంలో నాలుగు థియేటర్ల దాకా నిర్దేశించవచ్చు గనుక నాలుగు సగాలు కలిసి ఆయనకు 520 డాలర్లవుతాయి.

ఈ లెక్కను ఆస్పత్రి యాజమాన్యం బాగా చదువుకుంది. మత్తు వైద్యుడు దొరకని చిన్న ఊళ్ళో నర్స్ అనస్థటిస్ట్ లేకపోతే థియేటరు తలుపు తెరుచుకోదు, థియేటరు మూతబడితే ఆ ఆస్పత్రి ఆదాయంలో పెద్ద భాగం పోతుంది. వైద్యుడి పర్యవేక్షణ తప్పనిసరి అన్న మెడికేర్ షరతు నుంచి కోరుకున్న రాష్ట్రాలు తప్పుకోవచ్చని 2001లో కేంద్రం నిబంధన తెచ్చినప్పుడు, అదే ఏడాది మొట్టమొదట తప్పుకున్న అయోవా గ్రామీణ ఆస్పత్రులు ఎక్కువగా ఉన్న రాష్ట్రం కావడానికి కారణం ఇదే. పైగా ఈ చదువులో సీట్లు తక్కువ, ఐసీయూలో కనీసం ఏడాది పనిచేసిన అనుభవం లేనిదే ప్రవేశం లేదు, మూడేళ్లూ పూర్తికాలం చదవాల్సిందే. వీటన్నిటితో పాటు, మత్తు వైద్యుడి జీతం వైద్యుల్లోనే చాలా ఎక్కువ కావడంతో, అందులో సగం ఇచ్చినా నర్సుకు అది పెద్ద మొత్తమే. నర్సింగ్ వృత్తి మొత్తంలో పురుషులు ఎనిమిదింట ఒక వంతుకు అటూఇటూగా ఉంటే, ఈ ఒక్క శాఖలో పదిమందిలో నలుగురు పురుషులే. మగవారు చేరినందుకు జీతం పెరిగిందా, జీతం ఉన్నందుకు మగవారు చేరారా అన్నది తేల్చడం సులభం కాకపోయినా, ఆ రెండూ ఒకే శాఖలో కలిసి ఉండటం గమనించదగ్గది.

మిడ్‌వైఫ్‌తో పోల్చి చూస్తే ఫీజు పద్ధతి చేసే మాయ మరింత స్పష్టమవుతుంది. 2010 చివరి దాకా మెడికేర్ వీరికి డాక్టరు ఫీజులో 65 శాతమే ఇచ్చేది. ఒబామా కాలపు ఆరోగ్య సంస్కరణల చట్టం 2011 జనవరి 1 నుంచి దాన్ని పూర్తి నూటికి పెంచింది. కాగితం మీద ఇది నర్స్ ప్రాక్టీషనరుకు కూడా దక్కని సమానత్వం. కానీ మెడికేర్ ప్రధానంగా అరవై అయిదేళ్లు దాటినవారి పథకం, అక్కడ కాన్పులు అరుదు. పేద తల్లుల కాన్పులకు, అంటే దేశంలోని కాన్పుల్లో పదింట నాలుగింటికి, డబ్బు చెల్లించేది మెడికెయిడ్, దాని రేట్లు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. అంతకంటే ముఖ్యమైనది కొలత తేడా. కాన్పుకు ఫీజు సాధారణంగా ఒకే మూట: గర్భిణి పరీక్షలు, కాన్పు, బాలింత సంరక్షణ కలిపి ఒకే మొత్తం. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి పద్నాలుగు గంటలు తల్లి పక్కనే కూర్చుని, నడుము నిమురుతూ, బిడ్డ గుండె చప్పుడు వింటూ, తొందరపడకుండా సహజ కాన్పు చేయించిన మిడ్‌వైఫ్‌కు ఆ గంటలు ఏ పద్దులోనూ కలవవు. అదే తల్లిని సిజేరియనుకు తీసుకుపోతే థియేటరులో మత్తు ఇచ్చిన నర్సుకు ప్రతి 15 నిమిషాలూ ఒక యూనిటే. ఒకరి గడియారం డబ్బులు లెక్కిస్తుంది, ఇంకొకరి గడియారం ఊరికే తిరుగుతుంది. ఇద్దరి చదువూ పోస్టుగ్రాడ్యుయేషన్ స్థాయిదే.

రాష్ట్రాల చట్టాలు ఈ చిత్రాన్ని ఇంకా చిక్కుపరుస్తాయి. సగానికి పైగా రాష్ట్రాల్లో నర్స్ ప్రాక్టీషనర్ డాక్టరుతో ఒప్పందం లేకుండానే రోగిని చూసి మందు రాయవచ్చు. టెక్సాస్ వంటి చోట్ల మందులు రాయాలంటే డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాల్సిందే. స్వాతంత్ర్యం ఉన్న చోటే జీతాలు ఎక్కువగా ఉంటాయని అనుకుంటే అది కూడా పూర్తిగా నిజం కాదు. 2020లో చట్టం చేసి 2023 నుంచి అమలు మొదలుపెట్టేదాకా కాలిఫోర్నియా నిబంధనలు కఠినమైనవే, అయినా నర్స్ ప్రాక్టీషనర్ల జీతాల్లో అది ఎప్పుడూ ముందు వరుసలోనే ఉంది. దానికి కారణం వారి కింద ఉన్న మెట్టు ఎత్తు. బలమైన నర్సుల సంఘాలు, ఒక నర్సుకు ఇంతమంది రోగులకు మించకూడదని 1999లో చేసిన చట్టం, గంటల లెక్కన జీతం, అదనపు గంటలకు ఓవర్‌టైమ్ కలిసి 2023 మే నాటికి కాలిఫోర్నియాలో మామూలు నర్సు సగటు వేతనాన్ని 1,37,690 డాలర్లకు చేర్చాయి. అదే సమయంలో దేశవ్యాప్తంగా నర్స్ ప్రాక్టీషనరు సగటు 1,28,490 మాత్రమే. సాధారణంగా నెలజీతం మీద ఉండే ప్రాక్టీషనరు సాయంత్రం ఇంటికి వెళ్ళాక కంప్యూటరు ముందు కూర్చుని పూర్తిచేసే రోగుల రికార్డులకు ఓవర్‌టైమ్ ఉండదు. పై చదువు వల్ల వచ్చేది బాధ్యతా, హోదా. గంటకు కట్టే విలువ మాత్రం కొన్ని చోట్ల తగ్గుతుంది కూడా.

ఇక డాక్టరేట్ సంగతి. మాస్టర్స్ స్థాయిలో ఉన్న ఈ చదువులన్నిటినీ 2015 నాటికి డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్ స్థాయికి తీసుకువెళ్ళాలని అమెరికా నర్సింగ్ కళాశాలల సంఘం 2004లోనే పిలుపునిచ్చింది. ఆ గడువు దాటి పదేళ్లయినా నర్స్ ప్రాక్టీషనరుకు అది తప్పనిసరి కాలేదు, మత్తు ఇచ్చే నర్సులకు మాత్రం 2022 నుంచి చేరేవారందరికీ తప్పనిసరి అయింది. డాక్టరేట్ ఉన్న ప్రాక్టీషనరుకూ మెడికేర్ ఇచ్చేది 85 శాతమే కనుక, ఆసుపత్రికి అదనంగా ఒక్క డాలరూ రాని చదువుకు అదనపు జీతం ఇవ్వమంటే యాజమాన్యం ఆసక్తి చూపకపోవడంలో ఆశ్చర్యం లేదు. మరి ఈ చదువుకయ్యే ఖర్చు ఎంత? మూడేళ్లు ఉద్యోగం మాని అనస్థీషియా చదివే నర్సు వదులుకునే జీతం మధ్యస్థ లెక్కన 2,80,800 డాలర్లు. చదువయ్యాక ఏటా అదనంగా వచ్చేది 1,29,610 గనుక, ఫీజుల సంగతి పక్కనపెడితే, రెండేళ్లు దాటగానే అది తిరిగివస్తుంది. నర్స్ ప్రాక్టీషనరు చదువుకు రెండేళ్లు ఉద్యోగం మానితే పోయే 1,87,200 డాలర్లు, ఏటా అదనంగా వచ్చే 35,610తో పూడాలంటే అయిదేళ్లు దాటాలి. అందుకే చాలామంది రాత్రి డ్యూటీలు చేస్తూ పగలు ఆన్‌లైన్‌లో చదువుతారు.

2025 జూలై 4న సంతకమైన పన్నుల, వ్యయాల చట్టం ఈ లెక్కను ఇంకా మారుస్తుంది. పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ రుణాల మీద అది పరిమితి పెట్టింది: 2026 జూలై 1 నుంచి మామూలు పోస్టుగ్రాడ్యుయేట్ చదువుకు మొత్తం లక్ష డాలర్లు, వైద్యం, న్యాయశాస్త్రం వంటి వృత్తి చదువులకు రెండు లక్షలు. ఏవి వృత్తి చదువులన్న నిర్వచనంపై 2025 నవంబరులో విద్యాశాఖ సంఘంలో కుదిరిన ముసాయిదాలో మతశాస్త్రం, కైరోప్రాక్టిక్ ఉన్నాయి, నర్సింగ్ లేదు. మూడేళ్ల అనస్థీషియా డాక్టరేట్ ఖర్చు లక్ష దాటిపోయే చోట, ఆ ముసాయిదా ప్రకారం జీతం రెండు లక్షలున్న వృత్తికి రుణం దొరకడం మాత్రం లక్షతో ఆగిపోతుంది.

ఈ వృత్తిని నేర్పేవారి పరిస్థితి మరీ విచిత్రం. అమెరికా నర్సింగ్ కళాశాలల సంఘం 2022లో ఇచ్చిన లెక్క ప్రకారం మాస్టర్స్ చేసిన నర్సింగ్ అసిస్టెంట్ ప్రొఫెసరు సగటు జీతం 87,325 డాలర్లు, అదే అర్హతతో క్లినిక్‌లో పనిచేసే ప్రాక్టీషనరుకు లక్షా ఇరవై వేలు. గురువు తరగతిలో నుంచి పంపిన విద్యార్థి తొలి ఏడాదే గురువును మించిపోవచ్చు, కనుక గురువులు దొరకరు, గురువులు లేక సీట్లు పెరగవు.

తెలుగు పాఠకులకు ఇదంతా కేవలం దూరదేశపు వార్త కాదు. హెచ్-1బి వీసా అంటే తెలుగు ఇళ్లలో సాఫ్ట్‌వేరే గుర్తుకొస్తుంది. మామూలు నర్సు ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి కాదు గనుక సాధారణంగా అది ఆ వీసాకు సరిపోదని, అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సు ఉద్యోగం మాత్రం సరిపోతుందని అమెరికా వలసల శాఖ 2015లో స్పష్టం చేసింది. అయితే ఇక్కడి ఎంఎస్సీ నర్సింగ్ పట్టాతో అక్కడ నేరుగా ప్రాక్టీషనర్ కాలేరు. జాతీయ ధ్రువీకరణ పరీక్షకు కూర్చోవాలంటే అక్కడి గుర్తింపు ఉన్న కోర్సు పూర్తిచేయాలి. అంటే మొదట మామూలు నర్సుగా వెళ్ళి, అక్కడ మళ్ళీ చదవాల్సిందే.

మన దేశంలో భారత నర్సింగ్ మండలి 2016లో రెండేళ్ల రెసిడెన్సీ పద్ధతిలో క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును ప్రవేశపెట్టింది. మిడ్‌వైఫరీలో తెలంగాణ ముందడుగు వేసింది; హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్‌ల సహకారంతో 2017లోనే ప్రభుత్వ నర్సులకు 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది, ఆ మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. చదువు వచ్చింది, అయితే వేతనం ఇక్కడ పట్టాకు కాక పోస్టుకు కట్టి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో నర్సింగ్ ఆఫీసరు ప్రవేశ వేతనం ఏడో వేతన సంఘం ప్రకారం ఏడో లెవల్‌లో 44,900 రూపాయలు. జీఎన్‌ఎం డిప్లొమాతో అనుభవం సంపాదించి వచ్చినా, ఎంఎస్సీ చేసి వచ్చినా ఆ మెట్టు ఒకటే. ప్రైవేటు ఆస్పత్రుల విషయానికొస్తే, సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో ఏర్పడిన కేంద్ర కమిటీ వేతనాలను పడకల సంఖ్యతో ముడిపెట్టింది: 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానం, 50 లోపు ఉంటే కనీసం నెలకు 20,000 రూపాయలు, నడుమ వాటికి నడుమ రేట్లు. ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోనిది గనుక అది సిఫారసుగానే రాష్ట్రాలకు వెళ్ళింది. అమెరికాలో సంతకాన్ని బట్టి, ఇక్కడ మంచాలను బట్టి; నర్సు నేర్చిన విద్యను నేరుగా తూచే త్రాసు రెండు చోట్లా లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019-21 నాటి లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశం మొత్తం మీద 21.5 శాతం. మిడ్‌వైఫ్‌లకు శిక్షణ ఇవ్వడంలోని ఉద్దేశాల్లో ఈ అంకెను దించడం ఒకటి. సిజేరియనుకు సర్జను ఫీజు, మత్తు ఫీజు, థియేటరు చార్జీ, గది అద్దె అని ప్రైవేటు ఆస్పత్రి బిల్లులో విడివిడి పద్దులుంటాయి. కత్తి పడకుండా రాత్రంతా మేలుకున్న నర్సుకు పద్దు ఏదీ ఉండదు. అమెరికా అనుభవం నుంచి తెలుగు రాష్ట్రాలు తీసుకోదగినదేమైనా ఉంటే అది వారి జీతాల అంకెలు కావు, అక్కడ 1965కూ 1997కూ నడుమ జరిగిన జాప్యం. శిక్షణ ముగించిన మిడ్‌వైఫ్‌కు ఇచ్చే నియామకపు ఉత్తర్వులోనే ఆమె పోస్టు పేరు, నర్సింగ్ ఆఫీసరుకు పైనుండే వేతన శ్రేణి, డాక్టరు సంతకం అక్కరలేకుండా ఆమె స్వయంగా రాయగల మందుల జాబితా మూడూ ఉండాలి. ఆమె చేసిన కాన్పు కేసుషీటులోనూ, ఆస్పత్రి నెలవారీ నివేదికలోనూ ఆమె పేరు మీదనే నమోదు కావాలి.